మలుపు దగ్గర మనిషి లేకపోతే పరుగు దారి తప్పుతుంది

కొత్త ఊరికి చుట్టపుచూపుగా బయలుదేరిన మనిషి మూడు దారులు కలిసే చోట ఆగి, ఎవరైనా కనిపిస్తారేమోనని అటూ ఇటూ చూస్తాడు. పక్క పొలంలో ఉన్న రైతు "ఆ మర్రిచెట్టు దాటి ఎడమ చేతికి పోండి" అంటే చాలు, నిశ్చింతగా నడిచిపోతాడు. నడిచేవాడికి ఆగి అడిగే తీరిక ఉంది. పందెంలో పరిగెత్తేవాడికి అది లేదు. ఏ బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు పోవాలి. ముందువాడు ఎటు తిరిగితే తనూ అటే తిరగాలి. గుర్తు చెరిగిపోయినా, ముందువాడు పొరబడినా నెలల తరబడి పడ్డ కష్టం క్షణంలో మట్టిపాలవుతుంది.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. పరుగు పందేలు ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలకే పరిమితం కాలేదు. జిల్లా కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో కూడా 5కె, 10కె పేరుతో చిన్న పందేలు పెడుతున్నారు. వాటిలో కొన్నిటి దారి పల్లెల మీదుగా పోతుంది. అందుకని, దారి సరిగా చూపించకపోతే ఎక్కడెక్కడ ఏం జరిగిందో మనమూ తెలుసుకోవడం మంచిది.

రెండు సెకన్ల గెలుపు - ఊరికి కరెంటు

1994 నవంబరు 6న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో మారథాన్ జరిగింది. మెక్సికో దేశస్థులు హెర్మన్ సిల్వా, బెంజమిన్ పరేడెస్ అందరికంటే ముందున్నారు. గమ్యం ఇంకా కిలోమీటరు పైచిలుకు ఉందనగా, ముందు పోతున్న వాహనం ఒకటి సెంట్రల్ పార్కు అనే పెద్ద తోటలోకి మళ్లింది. సిల్వా దాని వెంటే మళ్లాడు. కాని పందెం దారి అది కాదు. ఇంకా తిన్నగా పోవాలి. పరేడెస్ తిన్నగానే పోయాడు.

సిల్వా పొరపాటు తెలుసుకుని వెనక్కు తిరిగి మళ్లీ రోడ్డెక్కేసరికి పది సెకన్లకు పైగా పోయాయి. 40 కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లకు ఆ సెకన్లు కొండంత భారం. అయినా ఒళ్లంతా కూడదీసుకుని పరేడెస్‌ను తరిమి పట్టుకున్నాడు. 2 గంటల 11 నిమిషాల 21 సెకన్లలో గమ్యం చేరాడు. పరేడెస్ రెండే రెండు సెకన్లు వెనుకబడ్డాడు.

సిల్వాది తెకోమాటే అనే మారుమూల పల్లె. ఆ ఊరికి అప్పటికి కరెంటు లేదు. ఈ గెలుపు తరువాతనే ఆ పల్లెలో విద్యుత్ దీపాలు వెలిగాయి. ఒక మలుపులో జరిగిన పొరపాటు ఎంత దూరం పోగలదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

నమ్ముకున్న బండే ముంచింది

అందరూ సిల్వా అంత అదృష్టవంతులు కారు. 2017 అక్టోబరు 22న ఇటలీలోని వెనిస్ మారథాన్‌లో ముందు పోతున్న ఆటగాళ్లకు దారి చూపే మోటారు సైకిలే తప్పు దారి పట్టింది. అప్పటికి 25 కిలోమీటర్లు అయ్యాయి. బండి వెనకాలే పరిగెత్తిన ముందు జట్టు కొన్ని వందల మీటర్లు పోయాక గాని సంగతి తెలియలేదు. వాళ్లు వెనక్కు వచ్చేసరికి వెనుక ఉన్నవారు ముందుకు సాగిపోయారు. చివరకు ఇటలీకి చెందిన ఎయోబ్ ఫానియల్ 2 గంటల 12 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. ఇటలీ వాడు ఆ పందెం గెలవడం 22 ఏళ్ల తరువాత అదే మొదటిసారి. అతని తప్పు ఏమీ లేదు. సరైన దారిలో పరిగెత్తాడు. కాని ముందున్నవారి తప్పు కూడా ఏమీ లేదు. దారి చూపడానికి పెట్టిన బండిని నమ్మారు, అంతే.

2013 ఏప్రిల్ 28న ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో జరిగింది ఇంకా చిత్రం. మొదటి స్థానంలో ఉన్నవాడు మిగతావారికంటే చాలా ముందున్నాడు. అతడు సరైన దారినే పోయాడు. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవారు ఒక చోట తప్పు దారిన తిరిగారు. వారిని చూసి వెనుకవారు, వెనుకవారిని చూసి ఆ వెనుకవారు - సుమారు 5 వేల మంది అటే పోయారు. మందలో ముందు గొర్రె ఎటు దూకితే మిగతావన్నీ అటే దూకుతాయంటారు కదా, అలాగే అయింది. తీరా చూస్తే అందరూ 264 మీటర్లు తక్కువ పరిగెత్తారు. పూర్తి దూరం పరిగెత్తింది మొదటివాడొక్కడే.

264 మీటర్లంటే ఎంత, ఊరి చెరువు గట్టు పాటి అనుకోవచ్చు. కాని పందెంలో అది లెక్కకు వస్తుంది. ఆ రోజు నమోదైన సమయాలు మారథాన్ సమయాలుగా చెల్లవు. మరో పెద్ద పందెంలో పాల్గొనడానికి ఆ సమయమే అర్హత అనుకుని ఏడాదిపాటు శ్రమించినవాడికి మళ్లీ మొదటికొచ్చినట్టే.

దూరం తగ్గడం ఒక రకం నష్టమైతే పెరగడం మరో రకం. 2015 నవంబరులో థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్‌లో సగం మారథాన్ పెట్టారు. అంటే 21 కిలోమీటర్లు. వెనక్కు తిరగవలసిన చోటు తప్పు కావడంతో పాల్గొన్నవారు సుమారు 6 కిలోమీటర్లు అదనంగా పరిగెత్తవలసి వచ్చింది. ఇరవై ఒకటికి సరిపడా బలం దాచుకున్నవాడు ఇరవై ఏడు పరిగెత్తాలంటే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

అలసిన బుర్రకు దారి తోచదు

"దారి ముందే తెలుసుకోవలసింది పరిగెత్తేవాళ్లే కదా" అని కొందరంటారు. మాట వాస్తవమే. చాలా పందేల నియమాల్లో అలాగే రాసి ఉంటుంది. కాని గంటల తరబడి ఎండలో పరిగెత్తినవాడి బుర్ర మన బుర్రలా పనిచేయదు.

దీనికి 1908 లండన్ ఒలింపిక్స్ సాక్ష్యం. ఇటలీ ఆటగాడు డొరాండో పియెత్రి అందరికంటే ముందుగా స్టేడియంలోకి వచ్చాడు. వచ్చి, పోవలసిన వైపు కాక మరో వైపు తిరిగాడు. అధికారులు పట్టుకుని సరైన వైపు మళ్లించారు. నాలుగడుగులు వేశాడు, పడ్డాడు. లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరకు వాళ్లే చేయి ఊతమిచ్చి గీత దాటించారు. సాయం తీసుకున్నందుకు అతడి గెలుపు రద్దయింది. అంతమంది జనం మధ్య, కళ్ల ముందు గీత కనిపిస్తుండగా కూడా ఎటు పోవాలో తోచని స్థితి అది. అలాంటప్పుడు ఊరి బయట, మనిషి జాడ లేని నాలుగు రోడ్ల కూడలిలో నిలబడినవాడి సంగతేమిటి?

దారి తప్పితే పోయేది బహుమతి ఒక్కటే కాదు. పందెం దారి పొడవునా మంచినీళ్ల బల్లలు ఉంటాయి, ప్రథమ చికిత్స చేసేవారు ఉంటారు. దారి తప్పినవాడికి అవన్నీ తప్పిపోతాయి. 1994లోనే మొరాకో దేశపు ఎడారిలో అనేక రోజులు సాగే ఒక పరుగు పందెంలో ఇటలీకి చెందిన మావురో ప్రోస్పెరి ఇసుక తుఫానులో చిక్కుకుని దారి తప్పాడు. సుమారు తొమ్మిది రోజులు నీళ్లు లేక, తిండి లేక ఎడారిలో తిరిగి తిరిగి సరిహద్దు దాటి అల్జీరియా చేరాడు. చివరకు మేకలు మేపుకునే సంచారజాతివారి కంటపడి, వారిచ్చిన మేకపాలతో ప్రాణం నిలుపుకున్నాడు. ఏర్పాట్లు ఎన్ని ఉన్నా, ఆఖరుకు ఆదుకున్నది దారిలో ఉన్న మామూలు మనుషులే.

దారిని కొలిచే సైకిలు

పందెం దారిని కారు మీటరుతోనో, అంచనాతోనో కొలిస్తే సరిపోదు. సైకిలు ముందు చక్రానికి లెక్కపెట్టే పరికరం ఒకటి బిగిస్తారు. దీన్ని 1971లో అమెరికాలో అలాన్ జోన్స్ అనే ఆయన రూపొందించారు. ముందుగా ఉక్కు టేపుతో కచ్చితంగా కొలిచిన దూరం మీద ఆ సైకిలును నడిపి, ఎన్ని అంకెలు తిరిగాయో చూసుకుంటారు. తరువాత పందెం దారి అంతా తొక్కుతారు. మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిన పోతారు. ఎక్కడైనా తగ్గిపోతుందేమోనని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున అదనంగా కలుపుతారు. మారథాన్‌కు అది సుమారు 42 మీటర్లు.

ఇంత చేసినా తప్పులు రాకపోలేదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మారథాన్ దారి 2013 నుంచి 2015 వరకు మూడేళ్లూ 380 మీటర్లు తక్కువగా ఉందని 2016లో తేలింది. సుమారు 24 వేల మంది సమయాలు చెల్లకుండా పోయాయి.

కొలత నిపుణుల పని. కాని కొలిచిన దారిని నేల మీద చూపించడం మనబోటివాళ్లు చేయగలిగిన పని. ప్రతి మలుపుకు ముందు ఒక బాణం, మలుపులో ఒకటి, మలుపు దాటాక "నువ్వు వచ్చింది సరైన దారే" అని చెప్పేందుకు మరొకటి వేయాలి. పోకూడని దారికి అడ్డంగా ఒక గీత గీయాలి. 5, 10 కిలోమీటర్ల పందేలు ఒకే రోడ్డు మీద పెడితే రెండిటికీ రంగులు వేరుగా ఉండాలి. సున్నం గుర్తు రాత్రి కురిసిన వానకు కొట్టుకుపోతుంది, బండి చక్రాల కింద చెరిగిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున ఎవరైనా ఒకసారి దారి వెంట వెళ్లి చూసి రావాలి. ముందు నడిచే మోటారు సైకిలు వాడికి దారి అంతా ముందురోజే తిప్పి చూపించాలి. వెనిస్ నేర్పిన పాఠం ఇదే.

మన ఊరి మీదుగా పరుగు వస్తే

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్ పల్లెదారుల మీదే జరిగింది. రోడ్డంతా దుమ్ము. ఎదురుగా బండ్లు, మధ్యలో రైలు పట్టాలు. ఎండ మండిపోతోంది. మంచినీళ్లు దారిలో ఒకటి రెండు చోట్ల తప్ప లేవు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన లెన్ టావ్‌ను కుక్కలు తరిమి మైలు దూరం దారి తప్పించాయని చెబుతారు. అయినా అతడు తొమ్మిదో స్థానంలో వచ్చాడు. కుక్కలు లేకుంటే ఇంకెంత ముందుండేవాడో! బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరింది 14 మందే.

ఆ దుమ్ము రోడ్డు, ఆ ఎండ, ఆ కుక్కలు మనకు కొత్తవి కావు. పందెం రోజున కుక్కలను కట్టేసుకోవడం, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని ఓ పూట పక్కకు తీయడం, గొడ్లను కాసేపు ఆపడం పెద్ద పనులు కావు. పాతిన బాణం బల్లను పిల్లలు సరదాకు అటు ఇటు తిప్పకుండా చూడటం ఇంకా ముఖ్యం. మనకు అది ఒక నిమిషం నవ్వులాట. పరిగెత్తేవాడికి ఏడాది కష్టం.

అన్నిటికంటే ముఖ్యమైనది మలుపులో మనిషి. గుర్తు చెరిగినా మనిషి చెరగడు. ఆ మనిషి ఊరివాడే అయితే మరీ మంచిది. ఏ దారి ఎటు పోతుందో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. చేయి చాచి "ఇటు" అని చూపిస్తే చాలు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ముందువాళ్లు పోయారు కదా అని ఇంటికి వెళ్లిపోకూడదు. ముందువాడి వెంట బండి ఉంటుంది, చప్పట్లు ఉంటాయి. అందరికంటే వెనుక, కాళ్లీడ్చుకుంటూ ఒంటరిగా వచ్చేవాడికే దారి చెప్పే మనిషి అవసరం ఎక్కువ. వాడు దాటిపోయేదాకా ఆ మలుపులో నిలబడాలి.