పల్లపు భూములను కాపాడిన ఆవిరి పంపు

నీరు పల్లమెరుగునని సామెత. పల్లమును చేరిన నీరు అక్కడనుండి ఎటు పోవలెనన్న దానికి మాత్రము సామెతలో జవాబు లేదు. ఆ జవాబు రైతే వెదకుకొనవలెను. పైరుకు నీరు పెట్టుటకు మనము పడు శ్రమలో నాలుగవవంతైనను మిగులు నీటిని తీసివేయుటకు పడుట లేదు. కాలువ పనికి పదిమంది వత్తురు, మురుగు కాలువ పనికి ఒకడును రాడు. ఈ రెండవ పని ఎంత ముఖ్యమైనదో, దానిని ఒక ప్రాంతపు రైతులు తరతరాలుగా ఎట్లు సాగించిరో చూపు పాత పంపుశాల ఒకటి ఇంగ్లండులో నేటికిని భద్రముగా ఉన్నది. పైర్లు పండించువారు అచ్చట నేర్చుకొనదగినది చాల గలదు.

పోటు వచ్చినప్పుడు నదికంటె పల్లమైన పొలములు

ఇంగ్లండు నైరుతి భాగమున సోమర్‌సెట్ అను జిల్లా కలదు. అందు సుమారు 1,60,000 ఎకరముల పల్లపు భూమి ఉన్నది. పచ్చిక బయళ్లు, పాడి పశువులు, బుట్టలల్లుటకు పనికివచ్చు విల్లో చెట్లు అక్కడి రైతుల జీవనాధారము. ఈ పల్లము గుండా ప్యారెట్ అను నది పారి బ్రిస్టల్ ఛానెలులో కలియును. ప్రపంచములో మిక్కిలి ఎత్తుగా పోటు వచ్చు సముద్ర భాగములలో ఇది ఒకటి. దాని ఎగువనున్న సెవర్న్ నదీముఖమున పోటుకు పాటుకు మధ్య తేడా కొన్ని దినములలో 40 అడుగులు మించును. పోటు సమయమున సముద్రపు నీరు ప్యారెట్ నదిలోనికి ఎదురెక్కును. వచ్చునప్పుడు ఒండ్రును కూడ మోసికొని వచ్చి నదిలో వదలును.

అందుచేత ఆ పొలములకు రెండు చిక్కులు. వాన కురిసినప్పుడు చుట్టునున్న మెరకలనుండి నీరు వచ్చి పొలములలో నిలుచును. పోటున్నంతసేపు నదిలోని నీరు పొలముకంటె ఎత్తుగా ఉండును గనుక తూము తెరిచినచో నీరు బయటకు పోవుటకు మారుగా లోపలికి వచ్చును. పొలముల మధ్య రీనులని పిలుచు మురుగు కాలువలెన్ని త్రవ్వినను, వాని నీరు చివరకు నది గట్టువద్ద ఆగిపోవలసినదే. గట్టు దాటించుటకు నీటిని ఎత్తి పోయుటయే మార్గము.

మొదటి యంత్రము, దాని లోపము

బ్రిడ్జ్‌వాటర్ పట్టణమునకు కొద్ది మైళ్ల దూరమున, ప్యారెట్ నదిగట్టు నానుకొని వెస్టన్‌జోయ్‌లాండు పంపుశాల ఉన్నది. సోమర్‌సెట్ పల్లపు భూములలో యంత్రముతో నీరు తోడుటకు కట్టిన మొదటి పంపుశాల ఇదే. దీనిని 1830లో కట్టిరి. వెస్టన్‌జోయ్‌లాండు, మిడిల్‌జోయ్, ఓథరీ గ్రామముల భూములకు మురుగు సౌకర్యము కల్పించుట దీని ఉద్దేశము.

మొదట అక్కడ ఆవిరి ఇంజనుతో ఒక పలకల చక్రమును త్రిప్పెడివారు. నీటి ప్రవాహము చక్రమును త్రిప్పుట మరపద్ధతి. ఇక్కడ చక్రమే తిరిగి తన పలకలతో నీటిని పైకి నెట్టును. పని సులభమే గాని ఈ చక్రమునకొక లోపము కలదు. దాని అడుగు అంచు ఎంతలోతు వరకు దిగునో అంతవరకే నీరు తోడగలదు. మురుగు తీసినకొలది నేల క్రుంగి కాలువలలోని నీటిమట్టము దిగిపోగా, పలకలకు నీరు సరిగా అందలేదు. నదిలో నీరు హెచ్చినప్పుడు అంత ఎత్తునకు నెట్టుట కూడ దానికి శక్యము కాలేదు. ముప్పది యేండ్లు గడచునప్పటికి ఆ చక్రమును మార్చవలసి వచ్చెను.

వంపు రెక్కలలోని రహస్యము

ఇంతలో 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనలో జాన్ జార్జి యాపోల్డ్ అను ఆయన ఒక కొత్త పంపును చూపెను. ఆయన వృత్తి ఉన్నిచర్మములకు రంగులద్దుట. ఆ పంపులో ఒక చక్రము వేగముగా తిరుగుచు నీటిని నడుమనుండి తీసికొని అంచులవైపు విసరివేయును. అట్టి పంపులను అదివరకే కొందరు చేసియుండిరి. అయితే వారు రెక్కలను నిటారుగా పెట్టిరి. యాపోల్డ్ వానిని వెనుకకు వంచెను. పరీక్షించి చూడగా వంపు రెక్కల చక్రము ఇంజను ఇచ్చిన శక్తిలో నూటికి 68 వంతులను నీటి నెత్తుటకు వినియోగించినది. నిటారు రెక్కల చక్రము నూటికి 24 వంతులే వినియోగించినది. ఇంజను అదే, బొగ్గు అదే. రెక్క వంపు మార్చినంతనే దాదాపు మూడురెట్ల పని జరిగినది.

నేడు మన పొలముల గట్లమీద మోటారుతోను, డీజిలు ఇంజనుతోను నడచు సెంట్రిఫ్యూగల్ పంపు ఈ జాతిదే. దాని మూత విప్పి చూచినచో వెనుకకు వంగిన ఆ రెక్కలే కనిపించును.

పంపుశాలలో ఏమేమి చూడవచ్చును?

1861లో వెస్టన్‌జోయ్‌లాండులో పాత చక్రమును తీసివేసి, ఈస్టన్ అండ్ ఏమస్ కంపెనీవారు తయారుచేసిన ఆవిరి ఇంజనును, యాపోల్డ్ పంపును అమర్చిరి. ఆ ఇంజనునే నేడు సందర్శకులు చూచుచున్నారు. ఇటుకల కట్టడము, పక్కన పొడవైన పొగగొట్టము దూరమునుండియే కనబడును. యంత్రశాలను ఆనుకొని ఇంజను కాపరి కుటుంబము నివసించిన ఇల్లున్నది. వానలకాలములో ఏ అర్ధరాత్రి కాలువ పొంగునో తెలియదు గనుక కాపరి అచ్చటనే కాపురముండవలసి వచ్చెను. మరమ్మతులకై కమ్మరి కొలిమి కూడ అచ్చటనే కలదు.

లోపల రెండు సిలిండర్లు నిలువుగా నిలిచియుండును. బాయిలరులో కాగిన ఆవిరి సిలిండర్లలో ప్రవేశించి పిస్టనులను నెట్టగా ఇరుసు తిరుగును. ఆ తిరుగుడు పండ్ల చక్రముల ద్వారా క్రింది బావిలో మునిగియున్న పంపునకు అందును. కాలువ నీరు ఆ బావిలోనికి చేరును; పంపు దానిని ఎత్తి గట్టు అవతల నదిలో పోయును.

ఈ యంత్రము నిమిషమునకు సుమారు 100 టన్నుల నీరు తోడగలిగెడిది. ఈ లెక్కను రైతు భాషలో చెప్పుకొందము. ఒక ఎకరములో ఒక అంగుళము లోతున నిలిచిన నీరు ఇంచుమించు 1,03,000 లీటర్లు, అనగా 100 టన్నుల పైచిలుకు. కాబట్టి ఈ పంపు నిమిషమునకు ఒక ఎకరమునుండి అంగుళము నీటిని తీసివేసెడిదన్నమాట. వేయి ఎకరములలో అంగుళము నీరు నిలిచినచో దానిని తీయుటకు సుమారు 17 గంటలు పట్టును. మూడంగుళములు నిలిచినచో రెండు దినములకు మించి రాత్రింబవళ్లు పొయ్యి ఆరకుండ మండవలెను. ఎంత పెద్ద యంత్రమైనను ముంపును మాయ చేయలేదని, గడియ గడియకు లెక్క ఉన్నదని దీనివలన తెలియుచున్నది.

నేల క్రుంగుట

మురుగు తీయుటలో లాభముతోపాటు ఒక నష్టము కూడ కలదు. సోమర్‌సెట్ పల్లములలో చాలభాగము పీటు నేల. వేల సంవత్సరములుగా నీటిలో నానిన నాచు, రెల్లు మొదలగునవి పూర్తిగా కుళ్లక పేరుకొనగా ఏర్పడిన నల్లని నేల అది. నీరు తీసివేయగానే అట్టి నేల ఎండి ముడుచుకొనును; గాలి తగిలి క్రమముగా హరించిపోవును.

ఇంగ్లండు తూర్పు భాగమున విట్టిల్సీ మియర్ అను పెద్ద సరస్సును 1851లో యాపోల్డ్ పంపు సహాయముతోనే ఎండగట్టుట ప్రారంభించిరి. ఆ సమయమున అచ్చటి పీటు నేలలో ఒక ఇనుప స్తంభమును తలభాగము నేలకు సమముగా ఉండునట్లు పాతిరి. ఆ స్తంభము నేడు నేలమీద సుమారు 13 అడుగుల ఎత్తున నిలిచియున్నది. స్తంభము పెరుగలేదు, నేలయే అంత దిగిపోయినది. నేల దిగినకొలది నీటిని మరింత ఎత్తునకు తోడవలెను. ఖర్చు మరింత పెరుగును. మన మాగాణి నేలలు చాలవరకు ఒండ్రు నేలలగుటచే ఇంతగా క్రుంగవు. అయినను నీటిని ఎంతవరకు తీయవలెనో అంతవరకే తీయవలెనన్న పాఠము ఏ నేలకైనను వర్తించును.

ఆవిరి పోయినది, అవసరము పోలేదు

వెస్టన్‌జోయ్‌లాండు ఆవిరి ఇంజను 90 సంవత్సరములు పనిచేసి 1951లో విశ్రమించినది. దాని పక్కనే డీజిలు పంపును పెట్టిరి. ఆవిరి ఇంజనుకు ముందుగా బాయిలరు కాగవలెను, ఒక మనిషి బొగ్గు వేయుచుండవలెను. డీజిలు పంపునకు ఆ జంజాటము లేదు. పాత ఇంజను తుప్పుపట్టి పోవలసినదే గాని 1970 దశకములో కొందరు స్వచ్ఛందముగా ముందుకు వచ్చి, విప్పి, శుభ్రముచేసి, తిరిగి బిగించిరి. నాటినుండి ప్రత్యేక దినములలో ఆవిరి పట్టించి దానిని నడిపి చూపుట ఆనవాయితీ అయినది.

పంపులెంత మెరుగైనను పల్లపు భూములకు ముంపు భయము తీరలేదు. 2013 డిసెంబరునుండి 2014 ఫిబ్రవరి వరకు ఎడతెగక కురిసిన వానలకు సోమర్‌సెట్ పల్లములలో సుమారు 17,000 ఎకరములు నీట మునిగినవి. పూడికతో నిండిన నదిని ఏండ్ల తరబడి త్రవ్వకపోవుటయే కారణమని రైతులు మొరపెట్టిరి. త్రవ్వినంతమాత్రాన అంతటి వానకు ముంపు పూర్తిగా తప్పెడిది కాదని నిపుణులనిరి. నెదర్లాండ్సునుండి పెద్ద పంపులను తెప్పించి నీరు తోడిరి. 2014లోనే ప్యారెట్, టోన్ నదులలో 8 కిలోమీటర్ల పొడవున పూడిక తీసిరి. నది నిండుగా పారునప్పుడు పంపు ఎత్తిన నీటికి చోటుండదు. గట్టు పొర్లినచో ఆ నీరు తిరిగి పొలమునకే వచ్చును. కాబట్టి పంపు, పొలములోని పిల్లకాలువ, పెద్ద మురుగు కాలువ, నది ఈ నాలుగును ఒకే గొలుసు కొక్కెములు. ఏ కొక్కెము తెగినను పైరు మునుగును.

మన డెల్టాల మాట

వెస్టన్‌జోయ్‌లాండు ఇంజను తయారగుటకు కొంచెము ముందే మన గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లోను పూర్తయినవి. అచ్చట నీటిని తీయుటకు యంత్రములు పెట్టిరి. ఇచ్చట నీటిని తెచ్చుటకు ఆనకట్టలు కట్టిరి. కాలువల నీరు యంత్రము లేకయే పల్లమునకు ప్రవహించి మన డెల్టాలను అన్నపూర్ణలుగా చేసినది. అయితే వచ్చిన నీరు పోవుటకు తగినంత దారి చూపుట వెనుకబడినది.

1964లో వచ్చిన ముంపుల పిమ్మట ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల సంఘము కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించినది. మురుగు కాలువల బాగుకై 1968లో డ్రైనేజి సెస్సు చట్టము వచ్చినది. కొల్లేరు నీరు ఉప్పుటేరు గుండానే సముద్రమును చేరవలెను. సముద్రపు పోటు అచ్చట కూడ అడ్డునిలుచును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పల్లపు పేటలు మునిగినప్పుడు, నీటి దారి ఇరుకైనచో ఏమగునో పట్టణవాసులకు కూడ తెలిసివచ్చినది.

రైతులు, గ్రామాధికారులు చేయదగిన పనులు

1. తొలకరికి ముందే మీ పొలము చివరినుండి పెద్ద డ్రెయిను వరకు మురుగు దారిని నడచి చూడుడు. గుర్రపుడెక్క, తూటికాడ, పూడిక, అడ్డుకట్టలు ఎక్కడున్నవో వ్రాసికొనుడు. దిగువనుండి ఎగువకు శుభ్రము చేయుట మేలు. ఎగువ మాత్రమే త్రవ్వినచో నీరు దిగువవాని పొలముపై పడును.

2. మీ పంపు ఎంత నీరు తోడునో కొలిచి తెలిసికొనుడు. 200 లీటర్ల డ్రమ్ము 20 సెకండ్లలో నిండినచో పంపు సెకనుకు 10 లీటర్లు ఇచ్చుచున్నదని అర్థము. అట్టి పంపు ఎకరములో అంగుళము నీరు తీయుటకు రమారమి 2 గంటల 50 నిమిషములు పట్టును. ముంపు వచ్చిన దినమున ఈ లెక్క తెలిసినచో ఎన్ని పంపులు కావలెనో ముందే నిర్ణయించుకొనవచ్చును.

3. గట్టుమీద పెట్టిన పంపు నీటి మట్టమునకు 20 అడుగులకంటె ఎత్తున ఉండరాదు. ఫుట్‌వాల్వు కారుచున్నను, పీల్చుగొట్టపు కీలువద్ద గాలి చొరబడినను నీరు పట్టదు. రెక్కలు అరిగిన పంపు కరెంటును, డీజిలును త్రాగునే గాని నీరీయదు.

4. నీరు వదలు గొట్టమును గట్టు దాటుటకు కావలసినంత ఎత్తుననే ఉంచుడు. అనవసరముగా ఎత్తిన ప్రతి అడుగుకును ఇంధనము ఖర్చగును.

5. ఒక్కరి పంపు ఒక్కరి పొలమును కాపాడలేదు. ఒకడు తోడిన నీరు పక్కవాని చేనిలో నిలుచును. 1997 చట్టము క్రింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘముల వంటివి కాలువ నీటి పంపకముతో ఆగక, మురుగు కాలువల బాధ్యతను కూడ తలకెత్తుకొనవలెను. గ్రామాధికారులు మురుగు పోరంబోకుల హద్దులను చూపి ఆక్రమణలను తొలగింపజేసినచో సగము పని అయినట్లే.

ఒక ఇంజను 90 సంవత్సరములు నడచుట దాని ఇనుము గొప్పతనమువలన మాత్రమే జరుగలేదు. కాలువలు తవ్వినవారు, మురుగు పన్ను కట్టినవారు, అర్ధరాత్రి లేచి పొయ్యి రాజేసిన కాపరి, వీరందరి పూనికవలన అది నడచినది. నేడు మనకు అంతకంటె చిన్నవి, చవకవి, మెరుగైన పంపులున్నవి. వానలు ఇంకను రాలేదు. పార పట్టుటకు, పంపు విప్పి చూచుకొనుటకు తగిన అదను ఇదే.