జేబులోని మడతకత్తి
ఒంటరిత్రోవను నడుచువారు, జేబులో మడతకత్తి యుండిన ధైర్యముగా నుండునని తలంచుట సహజమే. కాని యా ధైర్యమును నేను నమ్మఁజాలను. దాడి చేయువాఁడు మీఁదఁబడిన క్షణమున, వణఁకు చేతితోఁ గత్తిని వెలికిఁ దీసి, గోటితో అలుగు విప్పి, అది బిగిసినదో లేదో చూచుకొనుటకు వ్యవధి యెక్కడిది? బిగింపులేని కత్తియైనచోఁ బోటు తగిలినంతనే అలుగు వెనుకకు ముడుచుకొని పట్టుకొన్నవాని వ్రేళ్లనే కోయవచ్చును. పెనుఁగులాటలో నది శత్రుహస్తగతమగుటయుఁ గలదు.

2016 నాటి ఆయుధ నిబంధనలు, గృహవ్యవసాయాది కార్యములకై చేసినవి గాక, 9 అంగుళములకు మించిన పొడవో 2 అంగుళములకు మించిన వెడల్పో గల అలుగున్న కత్తులను ఆయుధములుగాఁ బరిగణించును. జేబుకత్తి యీ కొలతకు లోఁబడినను, ఆత్మరక్షణహక్కు అవసరమునకు మించిన హానికి వర్తింపదు. ఆపదలో గట్టిగా నరచి, జనమున్న దిక్కునకుఁ బరుగిడి, 112కు ఫోను చేయుటయే మేలు. పండ్లు కోయుటకు, త్రాడు తెంచుటకు మడతకత్తి మిక్కిలి యుపయుక్తమే; విమానపుఁ జేతిసంచిలో మాత్రము దానికిఁ దావులేదు.