ఆఫర్ లెటర్ వస్తే... మరి కుందేలు?

తార్నాకలో అద్దె గది, పొద్దస్తమానం ఓయూ లైబ్రరీ, చేతిలో నోటిఫికేషన్ల లిస్టు. బుర్ర వేడెక్కిన వేళ గదిలో ఓ బుజ్జి ప్రాణి ఉంటే బాగుండనిపించడం సహజమే. రీల్స్‌లో చెవులు వేలాడేసుకున్న పొట్టి కుందేలు కనిపిస్తే ఇక చెప్పక్కర్లేదు!

దాని పేరు హాలండ్ లాప్. నెదర్లాండ్స్‌కు చెందిన అడ్రియాన్ డి కాక్ 1949లో మొదలుపెట్టి రూపొందించిన జాతి. 1964లో అక్కడ గుర్తింపు దక్కింది. బరువు రెండు కిలోల లోపే. ఆయుష్షు మాత్రం 8 నుంచి 10 ఏళ్లు! అంటే ఇప్పుడు మీకు 22 అయితే, 30 దాటేదాకా బాధ్యత మీదే. ఈలోగా బెంగళూరులో ఉద్యోగం, పెట్స్ వద్దనే పీజీ, పెళ్లి... అన్నీ రావచ్చు. అందుకే కొనేముందు ఇవి చూసుకోండి.

తిండి: క్యారెట్ దానికి స్వీటు లాంటిది, ఎప్పుడో ఓ ముక్క చాలు. తిండిలో సుమారు 80 శాతం గడ్డే ఉండాలి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మందు కొట్టని చోట కోసిన గరిక కూడా మంచిదే. 12 గంటలు ఏమీ తినలేదంటే పేగుల కదలిక ఆగిపోతోందేమో అనుకోవాలి. రేపు చూద్దాంలే అంటే కుదరదు.

ఎండ: కుందేలుకు మనలా చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటితేనే కష్టం. మన మే నెల 40 దాటుతుంది. స్లాబు కింద కాలే పైఅంతస్తు గదిలో దాన్ని వదిలేసి మీరు లైబ్రరీలో కూర్చోలేరు. కూలర్ కరెంటు బిల్లూ లెక్కలో వేసుకోండి.

చెవులు, పళ్లు: వేలాడే చెవుల్లో గాలి ఆడక గులిమి పేరుకుంటుంది. వారానికోసారి చూడాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ వైరు దొరికితే కొరికేస్తుంది, షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది.

జంట: తోడుంటే దానికి ఇష్టమే. కానీ ఆడా మగా కలిసుంటే 31 రోజుల్లో గది నిండా పిల్లలే! ఆపరేషన్ చేయించాలి. కుందేళ్లకు వైద్యం తెలిసిన డాక్టర్ ఎక్కడున్నారో కొనేముందే వాకబు చేయండి.

అసలు పరీక్ష జాయినింగ్ డేట్ వచ్చినప్పుడే. క్యాంపస్ చెట్ల మధ్య వదిలేస్తే బతికేస్తుందిలే అనుకోవద్దు. ఇది అడవి చెవులపిల్లి కాదు. కుక్కల నుంచి తప్పించుకోలేదు, నీళ్లు వెతుక్కోలేదు. అలా ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నట్టు, ఎవరు చెప్పినా కొంటామనేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఒకటే సూచన: మీరు ఊరు మారితే దాన్ని చూసుకుంటామని ఇప్పుడే ఒప్పుకునే మనిషి పేరు ఒకటి రాసుకోండి. పేరు దొరకలేదా? ఉద్యోగంలో కుదురుకునే దాకా ఆగండి. ఈలోగా కుందేలున్న ఫ్రెండ్ ఊరెళ్తే పది రోజులు మీరు చూసుకోండి. ట్రయల్ వెర్షన్ అన్నమాట! పదో రోజుకి మీకే తెలిసిపోతుంది.