జాకెట్ ఇచ్చారు సరే... మీకు సరిపోయిందా?

వానలు పడి కృష్ణ నిండిందంటే నల్లగొండ వాళ్ల చూపు సాగర్ వైపు, పాలమూరు వాళ్ల చూపు సోమశిల వైపు మళ్లుతుంది. పిల్లలకు రెండు రోజులు సెలవు దొరికితే నాగార్జునకొండకు లాంచీ ప్రయాణం ఖాయం. ఘాట్ దగ్గర తలా ఒక నారింజ రంగు జాకెట్ చేతికిస్తారు. మనం ఏం చేస్తాం? మెడలో తగిలించుకుని, పట్టీలు వేలాడుతుండగానే సెల్ఫీ దిగుతాం. పది నిమిషాలకు ఉక్కపోస్తోందని విప్పేసి, మెత్తగా ఉంది కదా అని దానిమీదే కూర్చుంటాం.

2007 జనవరిలో సోమశిల ప్రాంతంలో కృష్ణ దాటుతున్న పడవ మునిగి 61 మంది చనిపోయారు. వాళ్లు విహారానికి వెళ్లినవాళ్లు కాదు, ఏరు దాటడానికి పడవ తప్ప దారి లేనివాళ్లు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది మాత్రం పర్యాటకుల బోటే. అందులోంచి 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. కొందరు జాకెట్లు విప్పి పక్కన పెట్టారని వాళ్లే చెప్పారు. బోటు ఒరిగాక జాకెట్ వెతికి, పట్టీలు బిగించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

‘నాకు ఈత వచ్చు’ అనే బావలు, బాబాయిలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. బావిలో నేర్చిన ఈత మంచిదే. కానీ ఒరిగిన బోటు అంచు తలకు తగిలితే ఈత గుర్తుంటుందా? హఠాత్తుగా నీళ్లలో పడగానే గుండె వేగం పెరుగుతుంది, అప్రయత్నంగా నోరు తెరిచి ఊపిరి పీల్చేస్తాం. ఆ ఒక్క గుక్కతోనే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. గుండెజబ్బు, ఫిట్స్, ఆస్తమా ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

నిజానికి మనల్ని తేల్చడానికి పెద్ద బలం అక్కర్లేదు. 80 కిలోల మనిషి కూడా నీటిలో నాలుగైదు కిలోల బరువే తూగుతాడు. జాకెట్ లోపలి లేబుల్ మీద 50, 100, 150 అనే అంకెలు ఉంటాయి. అది న్యూటన్లలో తేలే బలం. 50 అంటే సుమారు 5 కిలోలు. ఇది ఈత వచ్చి, ఒడ్డు దగ్గరగా ఉండేవారికి. ఈత రానివారికి కనీసం 100 ఉన్నది, మెడ వెనుక దిండులాంటి కాలర్ ఉన్నది కావాలి. స్పృహ తప్పినా ముఖం నీటిపైకి ఉండేలా చూసేది ఆ కాలరే.

పిల్లల సంగతే అసలు చిక్కు. ‘పెద్దది వేస్తే ఇంకా బాగా తేలుతాడు’ అనుకోకండి. వదులు జాకెట్ నీటిలో పైకి లేస్తుంది, పిల్లాడు చేతులు ఎత్తగానే కిందికి జారిపోతాడు. వయసు చూసి కాదు, బరువు చూసి ఎంచండి. ఎంత బరువు వారికో లేబుల్ మీద ఉంటుంది. చిన్నపిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. పిల్లల సైజులు అన్ని ఘాట్లలో దొరుకుతాయన్న భరోసా లేదు. ఏటా రెండు మూడుసార్లు బోటెక్కే కుటుంబమైతే పిల్లల జాకెట్ సొంతంగా కొనుక్కోవడమే మేలు. పుట్టినరోజుకు కొనే రిమోట్ కారు కంటే ఇది పనికొచ్చే వస్తువు.

వేశాక ఒక చిన్న పరీక్ష చేయండి. పట్టీలన్నీ కింది నుంచి పైకి బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం, చెవుల దాకా వచ్చిందంటే వదులే. ఇంకా బిగించండి లేదా చిన్నది అడగండి. చీర కట్టుకున్నవారు కొంగు నడుముకు బిగించి దోపుకుని, దానిపై జాకెట్ వేసుకోవాలి. చున్నీ అయితే తీసి సంచిలో పెట్టేయండి.

ఇచ్చిన జాకెట్‌ను ఒక్కసారి తిప్పి చూడండి. రంగు వెలిసి, కుట్లు ఊడి, బకిల్ విరిగి ఉంటే మార్చమనండి. బొటనవేలితో నొక్కితే లోపలి ఫోమ్ మళ్లీ ఉబ్బాలి. అట్టలా అణిగిపోయిందంటే దాని పని అయిపోయినట్టే. విజిల్ ఉందో లేదో చూడండి. మరొకటి అడగడానికి మొహమాటం వద్దు, టికెట్ డబ్బులు ఇచ్చారు కదా. సరైనది లేదంటే ఆ ట్రిప్పు వదిలేయండి. కొండ ఎక్కడికీ పోదు. లాంచీలో నాలుగువైపులా మూసిన గది కంటే తెరిచి ఉన్న డెక్‌పై కూర్చోవడం మంచిది. మునుగుతున్న గదిలో ఒంటిమీది జాకెట్ మనిషిని పైకప్పుకు నెట్టేస్తుంది.

ఎవరైనా మునిగి బయటికి వస్తే పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టి తిప్పడం చేయొద్దు. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో శ్వాస ఇచ్చి, ఆపై ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

సొంత జాకెట్ అయితే ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. ఎండలో వేస్తే గుడ్డ చివికిపోతుంది. దానిపై సామాను పేర్చొద్దు. వచ్చే ఏడాది బయటికి తీసినప్పుడు పిల్లాడి బరువు మళ్లీ చూడండి. లేబుల్ మీద ఉన్నదాన్ని దాటితే అది ఇక తమ్ముడికో చెల్లెలికో.