బిగిసిన చేతికి సూదిమందు: గుణం తెలిసేదెలా?

పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవారిలో కొందరికి కొన్ని వారాలకో, నెలలకో మరో బాధ మొదలవుతుంది. అంతవరకు మెత్తగా వేలాడిన చెయ్యి బిగుసుకుంటుంది. మోచెయ్యి మడతపడి ఛాతీకి అంటుకుపోతుంది. వేళ్లు కొంకర్లు పోతాయి. గోళ్లు అరచేతిలో గుచ్చుకుంటాయి. పిడికిలి లోపల చెమటపట్టి వాసన వేస్తుంది, పుండు పడుతుంది. చొక్కా తొడగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మెదడు దెబ్బతిని కండరాలపై అదుపు తప్పడమే ఇందుకు కారణం.

ఈ బిగువు సడలించడానికి డాక్టర్లు ఇచ్చే సూదిమందు బొటులినం టాక్సిన్. ఇది అసలు విషం. నిలవ మాంసం పాడైనప్పుడు గాలి సోకనిచోట పెరిగే సూక్ష్మజీవి దీన్ని తయారు చేస్తుంది. జర్మనీలో జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు (ఆయన కవి కూడా) పాడైన మాంసం తిని చనిపోయినవారి లక్షణాలను 1820 ప్రాంతంలో వివరంగా రాసిపెట్టాడు. కొద్ది మోతాదులో ఈ విషమే మందుగా పనికిరావచ్చునని కూడా అప్పుడే ఊహించాడు. అది నిజం కావడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికాలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నుకు దీన్ని వాడి చూపారు. 1989లో అక్కడ అందుకు అనుమతి లభించింది. పెద్దవారి చేతి బిగువుకు అనుమతి 2010లో గాని రాలేదు.

నరం కొసన కండరానికి కబురు అందించే రసాయనాన్ని ఈ మందు బయటకు రానివ్వదు. దాంతో కండరం సడలుతుంది. గుణం కొద్ది రోజుల్లో మొదలవుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకు బాగా కనిపిస్తుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. మందు ఖరీదైనది. మళ్లీ వేయించాలా వద్దా తేల్చుకోవాలంటే మొదటి సూది ఎంత పనిచేసిందో తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది.

డాక్టరు చేతి లెక్క

ఎక్కువగా వాడే కొలత 1964లో ఆష్‌వర్త్ అనే డాక్టరు చెప్పినది. రోగి చేతిని డాక్టరు పట్టుకుని వంచి చాపుతారు. బిగువు ఏమీ లేకపోతే సున్న, కదపడానికే వీలులేకపోతే నాలుగు. 1987లో దీన్ని కొంత సవరించారు. పరికరం అక్కరలేదు, నిమిషంలో అయిపోతుంది. కాని ఇది చేతికి తెలిసే లెక్క. ఒకరు రెండు అన్నచోట మరొకరు మూడు అనవచ్చు. చలిలో, అలసటలో, నొప్పి ఉన్నప్పుడు బిగువు పెరుగుతుంది కూడా.

టార్డ్యూ అనే మరో పద్ధతిలో చేతిని ఒకసారి మెల్లగా, ఒకసారి వేగంగా చాపి, ఎన్ని డిగ్రీల దగ్గర పట్టేసిందో చూస్తారు. వేగంగా చాపినప్పుడే పట్టేస్తే అది నరాల బిగువు, సూదికి లొంగవచ్చు. మెల్లగా చాపినా అక్కడే ఆగిపోతే కండరమే కురచబడిపోయిందన్న మాట. దానికి ఈ మందు పనిచేయదు. సూది వేయించుకునే ముందే ఈ తేడా తేల్చుకోవడం ఎంతో మేలు.

గోలీ ఎత్తగలడా?

బిగువు సడలినంత మాత్రాన చెయ్యి పనిచేస్తుందా? ఉత్తర ఇంగ్లండులో 333 మంది పక్షవాత రోగులపై ఈ సంగతి పరీక్షించారు. ఫలితాలు 2010, 2011లలో వెలువడ్డాయి. అందరికీ నాలుగు వారాలు చేతి వ్యాయామం చేయించారు. సగం మందికి సూది కూడా వేశారు. చెక్క దిమ్మలు, గోలీలు ఎత్తడం, ఒక గ్లాసులోని నీరు మరో గ్లాసులో పోయడం వంటి పనులకు మార్కులు వేశారు. నెల తర్వాత చూస్తే సూది వేసినవారిలో నూటికి 25 మంది, వేయనివారిలో దాదాపు 20 మంది అనుకున్నంత మెరుగుపడ్డారు. ఆ కాస్త తేడా మందు వల్లనే అని చెప్పడానికి చాలదు.

అయితే మందు దండగ అనుకోవాలా? అదీ కాదు. ఆ రోగులకే అరచెయ్యి కడగడం, చొక్కా తొడగడం సులువయ్యాయి. ఏడాది తర్వాత కూడా ఆ తేడా కనిపించింది. నొప్పి కూడా తగ్గింది. గోలీతో కొలిస్తే ఓడిన మందు సబ్బునీళ్లతో కొలిస్తే గెలిచింది!

అమెరికాలో 2002లో ప్రచురించిన మరో పరీక్షలో ఈ మెలకువ ముందే పాటించారు. 126 మంది రోగులకు నాలుగు విషయాలు చెప్పారు: చేతి శుభ్రత, బట్టలు తొడగడం, చెయ్యి ఉండే తీరు, నొప్పి. మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో ఒకటి ఎంచుకోండి అన్నారు. సగం మందికి అసలు మందు, మిగిలినవారికి మందులేని సూది వేశారు. ఎవరికి ఏది వేశారో రోగికీ, పరీక్షించే డాక్టరుకూ తెలియనివ్వలేదు. ఆరు వారాలకు మందు పడిన 64 మందిలో 40 మందికి తాము ఎంచుకున్న విషయంలో మెరుగు కనిపించింది. మందు లేని 62 మందిలోనూ 17 మంది తమకు బాగుందన్నారు. సూది పడిందన్న నమ్మకం కూడా కొంత పనిచేస్తుందన్న మాట. పోల్చి చూడకుండా ఒక్క రోగి మాట విని మందు గొప్పదనకూడదనడం ఇందుకే.

కనుక సూదికి ముందే డాక్టరుతో కూర్చుని ఏ పని కోసం వేయిస్తున్నదీ కాగితం మీద రాయించుకోవాలి. అరచేతిలో ఎన్ని వేళ్లు దూర్చి కడగగలుగుతున్నారు, చొక్కా తొడగడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది అన్నది ఇంటివారే రాసుకోవచ్చు. అదే లెక్క ఆరో వారంలో మళ్లీ చూడాలి. నాలుగు నెలలు పోయాక చూస్తే మందు దిగిపోయి ఉంటుంది.

కాలి విషయంలో మరికాస్త జాగ్రత్త అవసరం. కొందరికి బిగిసిన కాలే నిలబడటానికి ఊత. దాన్ని సడలిస్తే కూలబడే ప్రమాదం ఉంది. ఒక కంపెనీ మందు యూనిట్లకూ మరో కంపెనీ యూనిట్లకూ పొంతన ఉండదు కనుక, ఏ మందు ఎంత వేశారో చీటీ దాచుకోవాలి. సూది తర్వాత ఎప్పుడైనా మింగడం కష్టమైనా, మాట ముద్దయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సాధారణంగా పన్నెండు వారాలు నిండకుండా రెండో సూది వేయరు.