మైక్రోసాఫ్ట్ మనసు పీసీ మీదా, పెట్టె మీదా?

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ బేరం ఒక తెల్లకాగితంతో మొదలవుతుంది. దుకాణంలో కుర్రాడు పెన్ను తీసి ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్. ప్రతిదానికీ ఎదురుగా ధర, అడుగున గీత, గీత కింద మొత్తం. ఆ కాగితం పట్టుకుని పక్క దుకాణానికి వెళ్తే, ఎక్కడ ఎంత తగ్గించగలనా అని వాళ్లు లెక్కలు వేస్తారు. బీటెక్‌లో చేరిన కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన తండ్రి చూపు మాత్రం ఒక్క వరస దగ్గర ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు. కాగితం మొత్తంలో పెద్ద అంకె దానిదే. ‘ఇదెందుకురా?’ అని తండ్రి అడుగుతాడు. ‘వీడియో ఎడిటింగ్‌కి, ఏఐ ప్రాజెక్టులకి కావాలి నాన్నా’ అంటాడు కొడుకు. దుకాణదారు మధ్యలో కల్పించుకోడు.

మన దేశంలో గేమింగ్ మధ్యతరగతి ఇంట్లోకి వచ్చిన దారి ఇదే. ఆడుకోవడానికి మాత్రమే పనికొచ్చే కన్సోల్‌కు యాభై వేలు పెట్టడానికి చేతులు రాని తల్లిదండ్రులు, చదువుకోసమంటే కంప్యూటర్‌కు అప్పు చేసైనా పెడతారు. పగలు కోడింగ్, రాత్రి గేమింగ్. లక్ష్మీనగర్ అద్దె గదుల్లో, ముఖర్జీనగర్ పీజీల్లో, నోయిడా ఐటీ ఉద్యోగుల ఫ్లాట్లలో అదే వరస. అక్కడ మన తెలుగు పిల్లలూ తక్కువేం కాదు. ఈ యంత్రాల్లో దాదాపు అన్నిటినీ నడిపేది విండోస్. అంటే మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా వెతుక్కోనక్కర లేకుండానే భారతీయ గేమర్ ఆ కంపెనీ చేతిలో ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ కంపెనీ అతణ్ని ఎలా చూసిందన్నదే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న.

మొదట్లో బాగానే చూసింది. 1995లో విండోస్ 95 వచ్చేనాటికి గేమర్లందరూ పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌ను పట్టుకుని ఉన్నారు. గేమ్ ఆడాలంటే ముందు సౌండ్ కార్డు పేరేమిటో, దాని సెట్టింగులేమిటో చేత్తో కొట్టాల్సిన కాలం అది. అలెక్స్ సెయింట్ జాన్, క్రెయిగ్ ఐస్లర్, ఎరిక్ ఎంగ్‌స్ట్రామ్ అనే ముగ్గురు ఉద్యోగులు పట్టుబట్టి డైరెక్ట్‌ఎక్స్‌ను తయారుచేశారు. ఏ కంపెనీ కార్డు పెట్టినా గేమ్ ఒకే పద్ధతిలో హార్డ్‌వేర్‌తో మాట్లాడే వీలు దానివల్ల కలిగింది. ఆ ఏడాది గేమ్ డెవలపర్లకిచ్చిన వేడుకలో, ‘డూమ్’ గేమ్ దృశ్యాల్లో బిల్ గేట్స్ పొడవాటి కోటు తొడుక్కుని తుపాకీతో కనిపించే వీడియో వేశారు. గేమింగ్‌కు విండోసే చోటు అని ప్రపంచానికి చెప్పడానికి కంపెనీ అధినేతే తెర మీదికి వచ్చారు. రెండేళ్లకు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ వచ్చింది. 1982 నుంచీ ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ ఉండనే ఉంది.

ఢిల్లీకి ఆ గేములు ఎలా చేరాయో నలభైల్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. కన్నాట్ ప్లేస్‌లో నేల కింద ఉన్న పాలికా బజార్, లేదంటే నెహ్రూ ప్లేస్ మెట్ల మీద పరిచిన సీడీలు. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం 2021కి ప్రకటించిన ‘నటోరియస్ మార్కెట్ల’ జాబితాలో పాలికా బజార్ పేరుంది. పైరసీ తప్పే, అందులో రెండో మాట లేదు. అయినా ఒక విషయం చెప్పాలి. ఆ సీడీల మీద పెరిగిన తరమే తర్వాత అసలు ధరకు కొనే గేమర్లుగా మారింది. పీసీ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టాక, సేల్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి మరీ కొన్నది వాళ్లే. ఆ స్టీమ్‌ను పెట్టిన వాల్వ్ సంస్థ వ్యవస్థాపకులు గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ ఇద్దరూ మైక్రోసాఫ్ట్ మాజీ ఉద్యోగులే. డూమ్‌ను విండోస్‌కు తెచ్చిన పనికి నాయకత్వం వహించింది న్యూవెలే. పీసీ గేమర్‌కు ఏం కావాలో తెలిసిన మనుషులు మైక్రోసాఫ్ట్‌లో ఉండేవారు, కంపెనీయే వాళ్లను నిలుపుకోలేకపోయింది.

కొత్త శతాబ్దం వచ్చేసరికి కంపెనీ చూపు మరోవైపు మళ్లింది. 2000లో సోనీ ప్లేస్టేషన్ 2 వస్తుంటే, హాల్లో టీవీ కింద కూర్చునే ఆ యంత్రం రేపు కంప్యూటర్ పనులన్నీ చేసేస్తే విండోస్ గతేమిటన్న భయం మైక్రోసాఫ్ట్‌ను పట్టుకుంది. ఆ భయంలోంచి పుట్టిందే ఎక్స్‌బాక్స్. ‘డైరెక్ట్‌ఎక్స్ బాక్స్’ అన్న పేరే కుదించుకుని అలా మారింది. 2001 నవంబరు 15న అమెరికాలో విడుదలైన ఆ పెట్టె మూత తీస్తే ఇంటెల్ పెంటియం 3, ఎన్‌విడియా గ్రాఫిక్స్, హార్డ్ డిస్క్. పేరు కన్సోలే గానీ లోపలున్నది పీసీయే.

ఆ పెట్టె నిలబడాలంటే దానికో గొప్ప గేమ్ కావాలి. బంగీ స్టూడియో తయారుచేస్తున్న ‘హేలో’ను 1999లో స్టీవ్ జాబ్స్ మ్యాక్ వేదిక మీద ప్రపంచానికి చూపించారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోనే కొనేసింది. హేలో ముందు ఎక్స్‌బాక్స్‌కు వెళ్లింది, పీసీకి వచ్చింది 2003లో. హేలో 2 పీసీకి 2007లో వచ్చింది, అదీ విండోస్ విస్టా ఉన్నవాళ్లకే. హేలో 3 కోసం పీసీ గేమర్లు 13 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లకు సొంత గేమ్ ఇవ్వకుండా అన్నేళ్లు ఆపిన కంపెనీ మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

అన్నిటికంటే కష్టం కలిగించిన ఏడాది 2009. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ తీసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ మూతపడింది. వాళ్ల చివరి గేమ్ ‘హేలో వార్స్’, ఎక్స్‌బాక్స్ కోసం తీసినది. ఆ ఏడాది జనవరిలోనే ఫ్లైట్ సిమ్యులేటర్ తీసే ఏసెస్ స్టూడియోనూ మూసేశారు. పీసీ మీద మైక్రోసాఫ్ట్‌కు పేరు తెచ్చిన రెండు జట్లూ ఒక్క శీతాకాలంలో లేకుండా పోయాయి. ‘గేమ్స్ ఫర్ విండోస్ లైవ్’ అని 2007లో మొదలుపెట్టిన సేవ కూడా ఆరేళ్లకే కుంటుపడి, 2013లో దాని స్టోర్ మూతపడింది. దాన్ని నమ్మి డబ్బులిచ్చి కొన్న గేములు కొన్ని తర్వాత సరిగా తెరుచుకోలేదు కూడా.

ఇంత చేసి నెత్తిన పెట్టుకున్న కన్సోల్ మన దగ్గర ఏమైంది? ఎక్స్‌బాక్స్ 360ని 2006 సెప్టెంబరులో భారత్‌లో ఆర్భాటంగా విడుదల చేశారు. అక్షయ్ కుమార్, యువరాజ్ సింగ్ ప్రచారకర్తలు. ధర రూ. 19,990 నుంచి మొదలు. సినిమా, క్రికెట్ రెండిటినీ వాడుకున్నా అది మధ్యతరగతి హాల్లోకి చేరలేకపోయింది. తర్వాతి ఎక్స్‌బాక్స్ వన్ అమెరికాలో 2013 నవంబరులో వస్తే, మనకు 2014 సెప్టెంబరు దాకా రాలేదు. అన్నాళ్లు ఎవరాగుతారు? ఆగలేనివాళ్లు ప్లేస్టేషన్ కొనుక్కున్నారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మాత్రం 2020 నవంబరు 10న ప్రపంచంతోపాటే ఇక్కడా వచ్చింది, రూ. 49,990కి. అప్పటికే ఆలస్యమైంది.

తప్పంతా కంపెనీదే అనను. పన్నుల వరస కూడా పీసీకే కలిసొచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో 1997లో భారత్ చేరాక కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం ఎత్తేయాల్సి వచ్చింది. ఆ ఒప్పందాన్ని 2015లో విస్తరించి గేమ్ కన్సోళ్లనూ కలిపారు గానీ, అందులో మన దేశం చేరలేదు. జీఎస్టీ వచ్చిన కొత్తలో కన్సోళ్లను 28 శాతం శ్లాబులో పెట్టారు. 2019 జనవరి నుంచి 18కి తగ్గించారు. నెహ్రూ ప్లేస్ కాగితం మీద ఒక్కో భాగాన్నీ తగ్గించుకుని, పాతదాన్ని అమ్మి కొత్తది కొనుక్కుని, ర్యామ్ ఈ ఏడాది, కార్డు వచ్చే ఏడాది అని నెట్టుకొచ్చే వెసులుబాటు పీసీకి ఉంది. సీలు వేసిన పెట్టెకు అది లేదు.

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదు వ్యక్తి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ విద్యార్థి సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టారు. గేమింగ్‌ను అమ్మేస్తారేమోనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఆయన దానికి పూర్తిగా ఎదురు నడిచారు. ఆ ఏడాదే 250 కోట్ల డాలర్లకు ‘మైన్‌క్రాఫ్ట్’ తీసిన మోజాంగ్‌ను, 2021లో 750 కోట్ల డాలర్లకు బెథెస్డాను, 2023 అక్టోబరులో ఏకంగా 6,870 కోట్ల డాలర్లకు యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను కొనిపించారు. ఆయన కింద గేమింగ్ విభాగాన్ని నడిపిన ఫిల్ స్పెన్సర్ 2016 నుంచి సొంత కొత్త గేములను విండోస్‌కు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. తమ స్టోర్‌లోనే కొనాలన్న పట్టుదల సడలించుకుని 2019లో స్టీమ్‌కు కూడా తెచ్చారు. నెలసరి చందాతో గేములు ఆడుకోనిచ్చే గేమ్ పాస్ పీసీకి వచ్చింది ఆ ఏడాదే. 2020 ఆగస్టులో కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ పీసీకే ముందు వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు ఏడాది తర్వాత.

ఢిల్లీకి దగ్గరగా తాకిన గేమ్ మాత్రం 2021 అక్టోబరు 28న వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4’. అందులో మొదటి రోజు నుంచి ఉన్న ఎనిమిది రాజ్యాల్లో ఢిల్లీ సుల్తానేట్ ఒకటి. మిగతా రాజ్యాలు కొత్త విద్య నేర్చుకోవాలంటే తిండి, బంగారం ఖర్చుపెట్టాలి. ఢిల్లీకి అక్కర్లేదు, పరిశోధన ఉచితం. కాకపోతే చాలా నెమ్మది. ఆ వేగం పెంచాలంటే పండితులను తయారుచేసి మసీదుల్లో కూర్చోబెట్టాలి. తొందరపడి సైన్యం మీదికి పోయినవాడు విద్యలో వెనకబడతాడు, విద్యలో మునిగినవాడి గోడల మీదికి మంగోలులు వస్తారు. ఓపిక పట్టి నిలబడితే చివర్లో యుద్ధపుటేనుగులు దిగుతాయి. మెహ్రౌలీ శిథిలాలకు, తుగ్లకాబాద్ కోటకు మెట్రోలో వెళ్లొచ్చేంత దూరంలో కూర్చుని ఓ కుర్రాడు ఆ సుల్తానేట్‌ను నడిపిస్తున్నాడంటే నాకు నిజంగా సంతోషం. లోటు లేకపోలేదు. ఆ గేమ్ విడుదలైనప్పుడు నార్మన్లకు, మంగోలులకు, మాస్కోకు కథా యుద్ధాలున్నాయి గానీ ఢిల్లీకి లేవు. అయినా కీబోర్డు, మౌసుతో ఆడేవాళ్లకోసమే తీసిన గేమ్ అది. ఎక్స్‌బాక్స్‌కు 2023లో గానీ వెళ్లలేదు. 2009లో మూసేసిన తలుపును కంపెనీ తనే మళ్లీ తెరిచింది.

ఈ మార్పు లోతెంత? 2025 చివర్లో ఒక ఇంటర్వ్యూలో నాదెళ్లే తమ గేమింగ్ వ్యాపారంలో అన్నిటికంటే పెద్దది విండోసేనని చెప్పారు. ఆ ఏడాది అక్టోబరులో ఏసస్‌తో కలిసి ‘ఎక్స్‌బాక్స్’ పేరుతోనే చేతిలో పట్టుకునే విండోస్ కంప్యూటర్‌ను తెచ్చారు. విడుదలైనప్పుడు మన దగ్గర ధర రూ. 69,990 నుంచి మొదలైంది. హేలోను ప్లేస్టేషన్‌కూ ఇస్తామన్నారు. పెట్టె కోసం పీసీ గేమర్లకు ఏళ్ల తరబడి ఇవ్వని గేమ్‌ను ఇవాళ పోటీదారుడి పెట్టెలో పెడుతున్నారు. కన్సోల్ మీద కంపెనీకి ఆశ సన్నగిల్లిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పీసీ గేమర్లు గెలిచారనుకుని సంబరపడేలోపే అదే అక్టోబరులో రెండు దెబ్బలు తగిలాయి. గేమ్ పాస్ అల్టిమేట్ నెలసరి చందా రూ. 829 నుంచి రూ. 1,389కి పెరిగింది. పీసీ చందా కూడా పెరిగింది. అక్టోబరు 14న విండోస్ 10కి ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, కంపెనీ ఆమోదించిన జాబితాలో ప్రాసెసర్ ఉండాలి. ఆరేడేళ్ల కిందట తండ్రి కష్టపడి కొనిచ్చిన కంప్యూటర్ ఆ జాబితాలో లేకపోతే, గేమ్ బాగానే ఆడుతున్నా ఆ యంత్రం పనికిరానిదైపోయినట్టే లెక్క. చేతిలో పట్టుకుని ఆడే తన స్టీమ్ డెక్‌ను వాల్వ్ విండోస్ లేకుండా లైనక్స్ మీదే నడిపిస్తోందన్న సంగతి మైక్రోసాఫ్ట్ మర్చిపోకూడదు. విండోస్ లేకపోతే పీసీ గేమింగ్ లేదన్న రోజులు పోయాయి.

స్టూడియోలు కొనడం, వేదికల మీద ప్రకటనలు చేయడం కంపెనీకి సులువే. ఆ స్టూడియోలను నిలబెట్టడమే దానికి చేతకావడం లేదు. 2024 మేలో ఆర్కేన్ ఆస్టిన్ స్టూడియోను మూశారు. 2025 జూలైలో తొమ్మిది వేల మందిని తీసేసినప్పుడు ‘పర్ఫెక్ట్ డార్క్’, ‘ఎవర్‌వైల్డ్’ గేములు రెండూ రద్దయ్యాయి. 2009ని చూసినవాళ్లకు ఇది మళ్లీ అదే బాట అనిపించడంలో తప్పు లేదు. పీసీ మీద మైక్రోసాఫ్ట్‌కు ఆసక్తి ఉంది, మాట మీద నిలకడే లేదు. ఇది నా తీర్పు.

మైక్రోసాఫ్ట్‌కు గురుగ్రామ్‌లో కార్యాలయం ఉంది, 2021లో నోయిడాలో తాజ్‌మహల్ రూపంలో తీర్చిన ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. రెండిటి మధ్యలోనే ఉంది నెహ్రూ ప్లేస్. ఆ కార్యాలయాల్లో ఉన్నవాళ్లు, వారిలో ఎందరో తెలుగువాళ్లు, ఒక్క శనివారం అక్కడికి వెళ్లి ఆ తెల్లకాగితాలు చూడాలి. కళాశాల విద్యార్థికి పీసీ గేమ్ పాస్ రూపాయల్లో అందే ధరకు ఇవ్వండి. విండోస్ 11 ఎక్కని యంత్రాలకు భద్రతా అప్‌డేట్లు ఇంకొన్నేళ్లు ఇవ్వండి. నాదెళ్ల గారూ, ఈ రెండూ మీ సంతకంతో అయ్యే పనులే.