వాకిట బండి, చేత చక్రము

గత వర్షాకాలమున మా తల్లాడలో ఒక రాత్రి పొరుగింటి బిడ్డకు జ్వరము ముదిరెను. వాకిట కారు కలదు. దానిని నడుప నెఱిగిన గృహస్థుడు ఊర లేడు. ఖమ్మము పోవుటకై మేము అద్దెబండికొఱకు కూడలిలో రెండుగంటలు నిలిచితిమి. కారు సామాన్యుల యింటికి వచ్చిన కథ అపుడు మాకు తలంపునకు వచ్చెను.

అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో ‘మోడల్ టి’ అను కుటుంబపు కారును వెలువరించెను. అప్పటి వెల 850 డాలర్లు. బండియే కదలుచు పనివారి యొద్దకు వచ్చు పద్ధతిని 1913లో ఏర్పఱచగా, పండ్రెండు గంటలకు పైగా పట్టుచుండిన చట్రపు కూర్పు గంటన్నరకు దిగెను. 1925 నాటికి వెల 300 డాలర్లకు లోపయ్యెను. 1927లో తయారీ నిలుచునాటికి కోటిన్నర బండ్లు వెడలెను.

నేలకెత్తుగా నుండుటచే ఆ బండి గతుకుబాటలందును నడిచెడిది. కాని ముందున్న ఇనుపకడ్డీని చేతితో త్రిప్పినగాని యంత్రము కదలదు. అది యెదురుతన్ని చేతులు విఱుగుటయు కలదు. 1919 నుండి విద్యుత్తుచే యంత్రమును కదల్చు సాధనము చేరగా, స్త్రీలకు ఆ యిబ్బంది తొలగెను.

చేతిబలము చాలదను నెపము నూఱేండ్ల క్రిందటనే తీఱినది. మిగిలినది జంకు మాత్రమే. బిడ్డ కోలుకొనెను. మేమును ఆ పొరుగింటి సోదరియు అభ్యాసపు లైసెన్సు పొంది, ఇపుడు చక్రము పట్టుట నేర్చుచున్నాము.